నా పేరు పెట్టిన ఫాంటులో ధ వత్తు

కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ల జాబితా ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? పైనుంచి కిందకి ఆడవాళ్ళ పేర్లే ఎక్కువ. ఒకటి తయారుచేసినాయన భార్య పేరు, ఒకటి కూతురి పేరు, ఇంకొకటి తల్లి పేరు. మనవరాలు పుట్టిన ఏడాది వచ్చిన ఫాంటుకి మనవరాలి పేరు. అక్షరాలు తయారుచేసేవాళ్ళకి ఇదొక అలవాటు. మీరు పెళ్ళికార్డుకో కాలేజీ బ్యానర్‌కో అందులోంచి ఒకటి ఎంచుకుని, పని చూసుకుని వెళ్ళిపోతారు. ఆ పేరుగల మనిషి ఎక్కడో ఉండి ఉంటుందని మీకు తట్టదు. తట్టాల్సిన అవసరమూ లేదు.

ఆ జాబితాలో నా పేరు కూడా ఉంది. ఏదో చెప్పను. ఇందులో ఎవరి పేరూ రాయదలచుకోలేదు, నాది మాత్రం ఎందుకు? కాశీబుగ్గలో చాలా ఏళ్ళు డీటీపీ సెంటర్ నడిపి, కళ్ళు సహకరించక మొన్నటేడు మూసేశాను. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అని అడుగుతారు. వేల పెళ్ళికార్డులు చేశాను, ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నది ఒక తప్పు. దాని సంగతే చెబుతాను.

మా పుట్టిల్లు టెక్కలి. మా నాన్న వారమంతా కూలికి వెళ్ళేవాడు. శనివారం సాయంత్రం మాత్రం స్నానం చేసి, శుభ్రమైన చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళి, గోడకున్న నల్లబోర్డు మీద ఆ ఆదివారం చదవబోయే వాక్యం రాసేవాడు. సుద్దతో ఆయన సన్నగా గీత గీస్తే, నేను లోపల నింపేదాన్ని. ఒకసారి నేను తొందరపడి సున్నాలు చిన్నవి చేస్తే చెరిపించాడు.

"ఎనక బెంచీ మామ్మకి కనపడాల. నీకు కనపడితే సాలదు" అన్నాడు.

నేను అక్షరం గురించి నేర్చుకున్న చదువంతా అదే. తర్వాత సండేస్కూల్ చార్టులు, యువజనుల బ్యానర్లు అన్నీ నేనే రాసేదాన్ని.

నన్ను చేసుకున్నాయన కాశీబుగ్గలో ఒక ప్రెస్సులో కంపోజింగ్ చేసేవాడు. సీసం అక్షరాల కాలం అయిపోతోందని ముందుగానే కనిపెట్టి, విశాఖపట్నం వెళ్ళి కొన్ని నెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చాడు. ఒక గది అద్దెకు తీసుకుని, ఒక్క కంప్యూటర్‌తో డీటీపీ సెంటర్ పెట్టాడు. మనిషి చురుకు. నోరు మంచిది. పలాసలో ఆయన్ని బావా అని పిలవని వ్యాపారస్తుడు ఉండేవాడు కాదు. పెళ్ళైన రెండో ఏడు నుంచి నేనూ ఆ గదిలోనే ఉండేదాన్ని. టైపు నేర్చుకున్నాను, ప్రూఫులు దిద్దాను, కార్డులు కత్తిరించాను.

అప్పట్లో సిటీ నుంచి వచ్చే ఫాంట్లు పుస్తకాలకి బాగుండేవి. మా దగ్గరకి వచ్చే పనులు వేరు. జీడిపప్పు బట్టీల బోర్డులు, కొబ్బరి కొట్ల బోర్డులు, ఆ తర్వాత ఫ్లెక్సీలు. సన్నగీతలు ఫ్లెక్సీ మీద పడితే కనిపించేవి కావు. పసుపు మీద ఎరుపు వేస్తే ఇంకా కలిసిపోయేవి. బస్సులో పోతుంటే చదవగలగాలి అని ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు అడిగేవారు. ఒకరోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఆయనే అన్నాడు.

"ఇదిగో, నువ్వు సార్టు మీద రాస్తావు కదా, ఆ అచ్చరం. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తే ఎలగుంటాది?"

ఆ ఆలోచన ఆయనదే. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది వింటే మీరు ఆయన్ని తప్పుగా అనుకునే ప్రమాదం ఉంది.

ఏడాదిన్నర పట్టింది. మధ్యాహ్నాలు రద్దీ లేనప్పుడు ట్రేసింగ్ కాగితం మీద నాలుగు వేళ్ళ ఎత్తున ఒక్కొక్క అక్షరం గీసేదాన్ని. దాన్ని స్కాన్ చేసి, తెర మీద మళ్ళీ మౌసుతో వంపులు సరిచేసేదాన్ని. అ నుంచి ఱ వరకు, గుణింతాలు, వత్తులు. ఏ కీ నొక్కితే ఏ ముక్క పడాలి, ఏ గుడి పక్కన ఏ వత్తు ఎంత జరగాలి అన్న లెక్కంతా ఆయన చూశాడు. ఆ లెక్క నాకు ఇప్పటికీ పూర్తిగా రాదు. అక్షరం నాది, అమరిక ఆయనది. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ ఫాంటు లేదు.

అంతా అయ్యాక, ఫైలు సేవ్ చెయ్యబోతే పేరు అడిగింది. ఆయన ఏదో కొట్టి, "ఇదిగో, ఇలగ సూడు" అని పిలిచాడు. వెళ్ళి చూస్తే ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు. మా ఇళ్ళలో మొగుడు పెళ్ళాన్ని పేరుపెట్టి పిలవడం తక్కువ. ఆయనకి నేను 'ఇదిగో'నే. ఆ పేరు ఆయన చేత్తో కొట్టగా చూడటం అదే మొదటిసారి. నాకు చెప్పలేనంత సిగ్గు వేసింది. సంతోషం కూడా వేసింది, అబద్ధం ఆడను. ఆ ఆదివారం టెక్కలి వెళ్ళి మా అమ్మకి చెప్పి వచ్చాను.

ఆయన ఆ ఫాంటును సీడీల్లో ఎక్కించి తెలిసిన కొట్లన్నిటికీ ఇచ్చాడు. పలాస, మందస, సోంపేట, టెక్కలి, వజ్రపుకొత్తూరు. వెళ్ళిన ప్రతిచోటా, "ఫాంటు సేసేను బావా. మా ఆవిడ పేరు ఎట్టేను" అనేవాడు. వాళ్ళు నన్ను చూసి, "అదృష్టవంతురాలివమ్మా" అనేవారు. ఆ మాట విని నేను నవ్వేదాన్ని. అక్షరాలు ఎవరు గీశారని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్పాల్సిన సందర్భం ఎప్పుడూ రాలేదు. మన పేరు పెట్టి పొగుడుతుంటే మధ్యలో ఆపి, కాదండీ, అసలు సంగతి ఇదీ అనడం ఎంత కష్టమో మీకు ఆ స్థితి వస్తే తెలుస్తుంది.

ఒకసారి పనిమీద టెక్కలిలో ఒక ఫ్లెక్సీ షాపుకి వెళ్ళాను. గుమ్మంలో ఉండగానే లోపలి నుంచి నా పేరు వినబడింది. ఓనరు ఆపరేటర్‌తో మాట్లాడుతున్నాడు.

"దాన్ని ఇంకొంచెం సాగదీ. లావుగా ఉంది, సన్నం సెయ్యి. ఊఁహూఁ, బాగోనేదు. దాన్ని తీసీసి ఇంకోదాన్ని ఎట్టు."

మధ్య మధ్యలో నా పేరు. నేను లోపలికి వెళ్ళకుండా తిరిగి బస్సెక్కాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది.

ఐదేళ్ళు గడిచాయి. ఫాంటు బాగా నడిచింది. పెళ్ళికార్డుల కన్నా ఫ్లెక్సీల మీద ఎక్కువ నడిచింది. ఫ్లెక్సీల్లో కూడా పుట్టినరోజుల కన్నా చావుల మీద ఎక్కువ. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. ఏ ఊరి మలుపు తిరిగినా ఒక ఫోటో, దానికి దండ, పైన ఒక మాట. ఆ మాట దూరానికి కనబడాలని అందరూ నా అక్షరాలే పెట్టేవారు. ఆ మాట శ్రద్ధాంజలి.

ఆ రోజు పదకొండు గంటల వేళ ఒక పెద్దాయన షాపులోకి వచ్చారు. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచి, గుండు మీద ఇంకా వెంట్రుకలు మొలవలేదు. జలంత్రకోట నుంచి వచ్చానని, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యానని చెప్పారు. మా ఆయన కుర్చీ వేశాడు. మాస్టారు కూర్చుని, సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. ఫ్లెక్సీకి ముందు చూపించే నమూనా కాగితం. ఒకావిడ ఫోటో, పైన పెద్ద అక్షరాలు.

"ఈ ఫాంటు మీరే చేసేరట కదా బాబూ?"

"మేమే మాస్టారూ."

"ఈ పై మాట చదువు."

"శ్రద్ధాంజలి" అన్నాడు మా ఆయన.

"అలవాటు కొద్దీ చదివేవు. అక్కడ ఉన్నది చదువు."

మా ఆయన కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. మాస్టారు ఆగి, తనే చెప్పారు.

"ద కింద ధ వత్తు ఉండాలి. ద వత్తు ఉంది. కింద చిన్న గీత నేదు. నేను సరిగ్గానే రాసి ఇచ్చేను. షాపతను కూడా సరిగ్గానే కొట్టేడు, నా కళ్ళెదురుగా మూడుసార్లు కొట్టేడు. మూడుసార్లూ గీత రానేదు. ఫాంటులోనే నేదు మాస్టారూ అన్నాడు. ఫాంటులో అక్షరం నేకపోడం ఏటని బస్సెక్కి వచ్చేను."

ఆయన గొంతులో కోపం లేదు.

"పిల్లల చేత ఈ మాట ఎన్ని ఏళ్ళు రాయించేనో. తప్పు రాసినోడి చేత పదేసిసార్లు రాయించేవోణ్ణి. మా ఆవిడ బోర్డు మీద తప్పు పడింది, ఊరి మలుపులో కట్టేసేరు కూడా. ఊళ్ళో సగంమంది నా దగ్గర చదువుకున్నోళ్ళే. చూస్తారు. చూసి ఏటీ అనరు. నా ముఖం చూసి ఊరుకుంటారు."

నేను పక్క టేబుల్ దగ్గర కార్డులు కత్తిరిస్తున్నాను. కాగితం చూడకముందే నాకు తెలిసిపోయింది. చిన్న వత్తులు గీసిన మధ్యాహ్నం నాకు గుర్తుంది. ద వత్తు పూర్తి చేసి, దాన్నే నకలు తీసి ధ వత్తు గడిలో పెట్టాను. కింద చిన్న గీత చేరిస్తే ధ వత్తు అయిపోతుంది. గీత చేర్చబోతుండగా పెళ్ళికార్డు అర్జెంటంటూ ఎవరో వచ్చారు. లేచి వెళ్ళాను. తిరిగొచ్చి న వత్తు మొదలుపెట్టాను. అంతే. ఐదేళ్ళుగా ఎవరు ఎంత సరిగ్గా కొట్టినా, ఆ గడిలో పడేది ద వత్తే. జనంలో సగంమంది ఆ మాటని అలాగే రాస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఎన్ని ఊళ్ళలో, ఎంతమంది ఫోటోల మీద ఆ తప్పు వేలాడిందో లెక్క వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా ఆయన కాగితం కింద పెట్టి అన్నాడు.

"అది మా ఆవిడ పొరపాటు మాస్టారూ. వత్తులన్నీ తనే గీసింది."

ఆయన కావాలని అనలేదు. ఎదురుగా మనిషి బాధపడుతుంటే నోట్లోంచి వచ్చే మాట అది. ఏ షాపులోనైనా ఓనరు అనేదే. కానీ నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఐదేళ్ళలో నేను ఒక గీత గీశానని ఆయన బయటి మనిషితో చెప్పడం అదే మొదటిసారి. అది కూడా గియ్యని గీత గురించి.

మాస్టారు నా వైపు తిరిగారు.

"నువ్వా అమ్మా?"

"నేనే మాస్టారూ. గీత పెట్టడం మర్సిపోయేను."

ఆయన తల ఊపారు. తర్వాత, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

"వత్తులు నువ్వు గీస్తే, మరి మిగతా అక్షరాలు ఎవరు గీసేరు?"

మా ఆయన కీబోర్డు వైపు చూస్తున్నాడు. ఆయన చెబుతాడని కాసేపు చూశాను.

"అవీ నేనే" అన్నాను. "అన్నీ నేనే గీసేను మాస్టారూ. ఏ కీకి ఏది రావాలో ఆయన కూర్చేరు."

మాస్టారు కాగితాన్ని మళ్ళీ దగ్గరకి తీసుకుని, ఈసారి తన భార్య ఫోటో కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివారు.

"మ బాగుంది. మ కి, వు కి తేడా తెలిసేలా రాసేవు. చాలామంది రెండూ ఒకేలా గీసేస్తారు" అన్నారు. తర్వాత కాగితం నా చేతికిచ్చి, "ఇది దిద్దు తల్లీ" అని లేచారు.

పెద్దకర్మకి ఇంకా నాలుగు రోజులుంది. రేపు కొత్త ఫ్లెక్సీ మేమే తెచ్చి కడతామని చెప్పి పంపించాను.

ఆ సాయంత్రం షాపు కట్టేసి ఇంట్లోకి వచ్చాక ఆయన చెప్పులు విప్పుతూ అన్నాడు.

"ఇంట్లో అనొచ్చు కదా. బయటోళ్ళ ముందు ఏల?"

"తప్పు నాదని మీరు బయటోళ్ళ ముందే అన్నారు. మిగతాది కూడా అక్కడే అన్నాను."

"నీ పేరు ఎట్టేను కదా. శ్రీకాకుళం జిల్లా మొత్తం నీ పేరు కొడతన్నారు. ఇంకేటి సెయ్యాల?"

ఆయనకి నిజంగా నొప్పి కలిగింది. అది నాకు కనబడింది. తనకి తెలిసిన పెద్ద గౌరవం అదే, అది నాకు ఇచ్చేశాడు. ఇచ్చాక ఇంకా ఏదో బాకీ ఉందంటే ఆయనకి అర్థం కాలేదు.

"పుట్టిన గుంటకి పేరెట్టినట్టు ఎట్టేరు. ఉయ్యాల్లో గుంట ఏ పనీ సెయ్యదు కదా. నేను సేసేను" అన్నాను.

ఆయన అన్నం తిని, పంపు బాగుచెయ్యాలని వాకిట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉన్నాడు. పంపు బాగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే నేను వత్తు దిద్దాను. ఐదు నిమిషాల పని. కొత్త ఫ్లెక్సీ వేయించి, చుట్టి, మోపెడ్ మీద ఇద్దరం జలంత్రకోట బయల్దేరాం. ఊరు వచ్చే ముందు కొబ్బరితోట మలుపులో మాస్టారి భార్య ఫ్లెక్సీ కనిపించింది. ఆయన బండి ఆపాడు. దగ్గరకి వెళ్ళి చూస్తే, ద్ద కింద నల్లగా ఒక గీత ఉంది.

మార్కర్ పెన్నుతో గీసిన గీత. కింద ఇసకలో స్టూలు కాళ్ళ గుర్తులు నాలుగు గుంటల్లా ఉన్నాయి. ఆ వయసులో ఆ మనిషి స్టూలు మోసుకొచ్చి, ఎక్కి, ఆ గీత గీశారు.

ఇంటికి వెళ్ళాం. మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ పెడతానని లోపలికి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే వంటగది గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన ఒక డబ్బా మూత తీసి చూసి, మూసి, ఇంకో డబ్బా తీస్తున్నారు. పంచదార ఎక్కడుందో ఆయనకి తెలియదు. నాలుగో డబ్బాలో నేనే తీసిచ్చాను.

టీ తాగాక మా ఆయన కొత్త ఫ్లెక్సీ విప్పి చూపించాడు. మాస్టారు చూసి, బాగుందన్నారు. మళ్ళీ తనే చుట్టి ఆయన చేతికి ఇచ్చేశారు.

"అది నేను దిద్దింది. అదే ఉండనీ బాబూ. మా ఆవిడ పేరు మీద ఏదో ఒకటి నా చేత్తో చేసినట్టుంటాది."

తిరుగుప్రయాణంలో మలుపు దగ్గర మళ్ళీ బండి ఆపమన్నాను. ఆ గీత వంక చూస్తూ నిలబడ్డాను. పొద్దున నేను గీసినది నిట్టనిలువుగా, అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టు ఉంది. మాస్టారు గీసింది కొంచెం పక్కకి వాలింది. పైన బరువుగా మొదలై కింద సన్నబడింది. నల్లబోర్డు మీద సుద్దతో రాసే చెయ్యి అది. దూరం నుంచి చూస్తే నాదానికన్నా అదే బాగా తెలుస్తోంది. నా సంచిలో ట్రేసింగ్ కాగితం ఎప్పుడూ ఉండేది. తీసి, స్టాండు వేసిన మోపెడ్ ఎక్కి ఫ్లెక్సీ మీద పెట్టాను. సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది, కాగితం నిలవడంలేదు. మా ఆయన ఏమీ అడక్కుండా వచ్చి, రెండు చేతులూ పైకెత్తి కాగితం రెండు మూలలూ పట్టుకున్నాడు. నేను ఆ గీతని దించుకున్నాను. ఇప్పుడు ఆ ఫాంటులో ధ వత్తు కింద ఉన్న గీత మాస్టారిది. పెద్దకర్మ భోజనానికి వెళ్ళినప్పుడు ఆయనకి చెప్పాను. "చూసి రాసేవన్నమాట" అని మాత్రం అన్నారు.

అసలు కష్టం ఆ తర్వాత. ఫాంటు మా చెయ్యిదాటి ఐదేళ్ళైంది. మేమిచ్చినవాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు, వాళ్ళు మరొకరికి. ఎన్ని కొట్లలో ఉందో తెలియదు. తెలిసిన కొట్లకైనా వెళ్ళి పాతది తీసి కొత్తది పెట్టి రావాలన్నాను. ఫోన్ చేసి చెబుదామని ఆయన అన్నాడు. ఫోన్లో అందరూ సరేనంటారు, ఎవరూ మార్చరు అన్నాను. షాపుకి వారం రోజులు తాళం వేసి తిరిగాం.

మొదటి రోజు పలాసలో, ఆయన ప్రతి కొట్లోనూ, "ఫాంటులో సిన్న తేడా ఉంది బావా, మార్సుకో" అనేవాడు. తేడా ఎవరిదో, ఫాంటు ఎవరిదో చెప్పేవాడు కాదు. నేను పక్కన నిలబడేదాన్ని. రెండో రోజు అక్కుపల్లి దారిలో, వజ్రపుకొత్తూరులో కూడా అంతే. తప్పు నాదని మళ్ళీ అనలేదు, అదొక్కటే తేడా.

మూడో రోజు టెక్కలి. నన్ను సాగదీసిన షాపే. ఓనరు మాకు మర్యాద చేశాడు గానీ కంప్యూటర్ దగ్గరకి రానివ్వలేదు.

"పని మజ్జిలో ఉంది బావా. ద్ద అయితే ఏటి, ద్ధ అయితే ఏటి? సచ్చిపోయినోడు లేసొచ్చి సదువుతాడేటి?"

మా ఆయన ఎప్పుడూ ఎవరితోనూ గొడవపడే మనిషి కాదు. నవ్వి ఊరుకుంటాడనుకున్నాను.

"బతికున్నోడు సదివేడు" అన్నాడు. "సదివి, బస్సెక్కి మా షాపుకొచ్చి కూకున్నాడు. నువ్వు సూళ్ళేదు, నాను సూసేను."

ఓనరు ఏదో అనబోయాడు. మా ఆయన ఆగలేదు.

"ఇంకో మాట. ఈ అచ్చరాలు నాను గీసినవి కావు. నాను గీసేనని మీరందరూ అనుకుంటే ఊరుకున్నాను. అన్నీ ఆవిడ గీసింది. ఆవిడ తన అచ్చరం దిద్దుకోడానికి వచ్చింది. లేసి కుర్చీ ఇయ్యి."

షాపులో నలుగురు కస్టమర్లున్నారు. అందరూ నన్ను చూశారు. ఓనరు లేచి కుర్చీ ఇచ్చాడు. నేను కూర్చుని పాత ఫైలు తీసేసి కొత్తది ఎక్కించాను. సరిగ్గా పడుతోందో లేదో చూడటానికి శ్రద్ధాంజలి, బుద్ధి, వృద్ధులు అని కొట్టాను. వృద్ధులు రెండుసార్లు తప్పు కొట్టాను. ఓనరు నా వెనక నిలబడి తెర చూసి, "అవునమ్మా, ఇదే బాగుంది" అన్నాడు.

బయటికొచ్చాక ఆయనతో ఏదైనా అనాలనిపించింది. సోడా తాగుదామా అన్నాను. తాగాం. అక్కడి నుంచి మందస, సోంపేట, వెళ్ళిన ప్రతి షాపులోనూ ఆయన ముందు ఆ మాటే చెప్పి, తర్వాత తేడా సంగతి చెప్పాడు. ఒకటి రెండు చోట్ల మరీ ఎక్కువ చెప్పాడు. చాల్లెండి అని నేనే ఆపాల్సి వచ్చింది.

అన్ని కొట్లలోనూ పాతది పోలేదు. ఇప్పటికీ బస్సులో వెళ్తుంటే ఏదో ఊరి మలుపులో నా పాత తప్పు కనిపిస్తుంది. మాస్టారిలా స్టూలు వేసుకుని ఎక్కాలనిపిస్తుంది. బస్సు ఆగదు. మీరు చేసిన పని మీ చెయ్యి దాటాక మీ మాట వినదు. దాన్ని పంపే ముందు ఇంకొక్కసారి చూసుకోండి. ఎవరైనా మధ్యలో పిలిస్తే, ఏ గీత దగ్గర ఆగారో కాగితం మీద రాసుకుని లేవండి. నేను ఇవ్వగలిగిన సలహా ఇంతే.

షాపు మూసేసే ముందు, సిటీలో తెలుగు ఫాంట్లను ఫోన్లలోకి, ఇంటర్నెట్‌లోకి పనికొచ్చేలా మార్చేవాళ్ళు మమ్మల్ని అడిగారు. అందరికీ ఉచితంగా ఇచ్చేస్తామన్నారు, సరేనన్నాం. వాళ్ళు ఒక ఫారం పంపారు. ఫాంటు పేరు, రూపకర్త పేరు, ఇంకా ఏవేవో. ఫారాలు నింపడం ఎప్పుడూ మా ఆయన పనే. నింపి పంపేశాడు. ఏం రాశాడో నేను చూడలేదు, ఆయన చెప్పలేదు.

ఈ మధ్య టెక్కలిలో ఒక కాలేజీవాళ్ళు పిల్లలకి అక్షరాల గురించి చెప్పమని పిలిచారు. ఆయనా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను మాట్లాడటం అయ్యాక తెర మీద ఫాంటు వివరాలు చూపించారు. ఫాంటు పేరు దగ్గర నా పేరు. దాని కింద రూపకర్త అన్నచోట కూడా నా పేరే, ఇంటిపేరుతో సహా. అమరిక అన్నచోట ఆయన పేరు, చిన్నగా.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. అడగాలా వద్దా అన్నట్టు స్నేహితురాళ్ళ వంక చూసి, అడిగేసింది.

"మేడమ్, అందరూ వాళ్ళావిడ పేరో, కూతురి పేరో పెడతారు కదండీ. మీరు గీసినదానికి మీ పేరు మీరే ఎట్టుకున్నారేటండి?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. చివరి బెంచీలో మా ఆయన లేచి నిలబడ్డాడు. కాదమ్మా, నేను పెట్టాను అని చెప్పబోతున్నాడని తెలుస్తూనే ఉంది. నేను చెయ్యి చూపించి కూర్చోమన్నాను. ఆయన కూర్చున్నాడు.

"అవునమ్మా" అన్నాను. "నేనే పెట్టుకున్నాను."